మహమ్మారి పోయినా రాత్రి ఎనిమిదింటి గ్లాసు ఎందుకు పోలేదు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. 2020కి ముందు మీరు నెలకు రెండు మూడుసార్లు, అదీ స్నేహితులు కలిసినప్పుడే తాగేవారు. ఇంటికే పరిమితమైన నెలల్లో అది రోజువారీ అలవాటైంది. తర్వాత ఆఫీసు తెరిచారు, మాస్కు తీసేశారు, అన్నీ మామూలయ్యాయి. రాత్రి ఎనిమిదింటి గ్లాసు మాత్రం పోలేదు. "మహమ్మారి నిజంగా మనుషుల తాగుడును మారుస్తుందా, లేక నా బలహీనతకు నేనే సాకు వెతుక్కుంటున్నానా?" అని అడిగారు.

మారుస్తుంది. మీరు సాకు వెతుక్కోవడం లేదు. అయితే అందరినీ ఒకే దారిలో మార్చదు. అదే భయం, అదే నాలుగు గోడలు ఒకరి చేత సీసా పట్టిస్తాయి, మరొకరి చేత వదిలిస్తాయి. మహమ్మారి మొదట మార్చేది ఎంత తాగుతామన్నది కాదు. ఎక్కడ, ఏ వేళ, ఎవరితో, ఎందుకు తాగుతామన్నది. ఈ నాలుగూ మారాక పరిమాణం వాటి వెంటే వెళుతుంది. మీ ఉత్తరంలో ఆ నాలుగు మార్పులూ ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తున్నాయి.

నేను మానసిక వైద్యురాలిని. 18 ఏళ్లుగా మద్యం సమస్యలకే ఎక్కువగా చికిత్స చేస్తున్నాను. 2020 తర్వాత నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది "అంతకు ముందు నాకీ అలవాటు లేదు డాక్టర్" అనే మొదలుపెట్టారు. కింద చెప్పే ఉదంతాల్లో మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. కొవిడ్ కాలంలో లోకమంతా విపరీతంగా తాగేసిందని చాలామంది అనుకుంటారు. 2020 ఏప్రిల్ నుంచి జులై మధ్య 21 ఐరోపా దేశాల్లో పెద్ద సర్వే ఒకటి జరిగింది. దాదాపు అన్ని దేశాల్లోనూ సగటు తాగుడు తగ్గింది. ఐర్లండ్‌లో మారలేదు, బ్రిటన్‌లో పెరిగింది. తగ్గడానికి కారణం ఊహించుకోవచ్చు. బార్లు మూతపడ్డాయి, విందులు ఆగాయి. నలుగురు చేరినప్పుడే తాగేవారికి నలుగురూ చేరే వీలే లేకపోయింది. కానీ అదే సర్వేలో, ఆదాయం తక్కువగా ఉన్నవారిలో, మానసికంగా నలిగిపోతున్నవారిలో ఆ తగ్గుదల అంతగా కనిపించలేదు.

మరోవైపు చూడండి. అమెరికాలో మద్యంతో ముడిపడిన మరణాలు 2019లో 78,927 ఉంటే, 2020లో 99,017 అయ్యాయి. ఒక్క ఏడాదిలో నాలుగో వంతు పెరుగుదల. బ్రిటన్‌లో నేరుగా మద్యం వల్లే సంభవించిన మరణాలు 7,565 నుంచి 8,974కు చేరాయి. 2022లో 10,048 అయ్యాయి. అంటే మహమ్మారి సద్దుమణిగిన తర్వాత కూడా ఆ సంఖ్య వెనక్కి రాలేదు.

ఈ రెండు చిత్రాలూ ఒకదానికొకటి విరుద్ధం కావు. తక్కువ తాగేవారు మరింత తగ్గించారు. అప్పటికే ఎక్కువ తాగేవారిలో చాలామంది మరింత పెంచారు. రెండింటినీ కలిపి సగటు తీస్తే తాగుడు తగ్గినట్టే కనిపిస్తుంది. చావులు మాత్రం రెండో వైపు నుంచే వస్తాయి. ఏళ్ల తరబడి దెబ్బతింటూ వచ్చిన కాలేయానికి ఆరు నెలల అదనపు భారం చాలు. పైగా ఆ రోజుల్లో కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా ఆసుపత్రికి వెళ్లడానికి భయపడ్డారు. మా దగ్గర మామూలు సంప్రదింపులు ఆపేసిన వారాల్లో ఎవరెవరు రాలేకపోయారో తర్వాత ఒక్కొక్కరి గురించి తెలుస్తుంటే చాలా బాధ కలిగింది.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. "ఎక్కడ" అన్నది చిన్న మార్పులా కనిపిస్తుంది. నా అనుభవంలో అన్నిటికంటే పెద్దది అదే. బయట తాగేటప్పుడు మన చుట్టూ మనకు తెలియకుండానే కొన్ని కంచెలు ఉంటాయి. తిరిగి ఇంటికి వెళ్లాలి. బారు మూసే వేళ ఒకటుంది. పక్కవాడు చూస్తున్నాడు. పోసేవాడు కొలిచి పోస్తాడు. ఇంట్లో ఈ కంచెల్లో ఒక్కటీ ఉండదు. 2020లో ఇంగ్లండ్‌లో దుకాణాల నుంచి ఇంటికి తీసుకెళ్లిన మద్యం అంతకు ముందు ఏడాదికంటే దాదాపు నాలుగో వంతు పెరిగింది. బార్లలో పోసే గ్లాసు ఇంట్లోకి వచ్చి కూర్చుంది. వచ్చేటప్పుడు కొలత గిన్నెను బయటే వదిలేసింది.

నా దగ్గరికి వచ్చేవారితో ఒక పని చేయిస్తాను. ఇంట్లో వాడే గ్లాసే తెమ్మంటాను. ఒక సీసాలో నీళ్లు నింపి ఇచ్చి, "రోజూ పోసుకునేట్టు ఒక పెగ్గు పోయండి" అంటాను. పోస్తారు. చెయ్యి అలవాటుగా ఒకచోట ఆగుతుంది. ఆ నీళ్లను కొలత గ్లాసులో ఒంపుతాను. 30 మిల్లీలీటర్లు ఉండవలసిన పెగ్గు 70 ఉంటుంది, ఒక్కోసారి 90. బ్యాంకులో పనిచేసే ఒకాయన ఆ గీత వైపు చాలాసేపు చూసి, "అంటే నేను చెబుతున్న రెండు పెగ్గులు ఆరన్నమాట" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే రెండు అనుకున్నారు. ఇంట్లో ఎవరూ కొలవరు కాబట్టి ఆయనకు తెలిసే వీలు లేదు.

"ఏ వేళ" అన్నదీ అంతే. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే ప్రయాణం విసుగు పుట్టించేదే కానీ, పనికీ విశ్రాంతికీ మధ్య గడపలా ఉండేది. ఇంటి నుంచి పని మొదలయ్యాక ఆ గడప పోయింది. ఒక ఉపాధ్యాయురాలి మాట చెబుతాను. ఆన్‌లైన్‌లో రోజుకు ఐదు పాఠాలు, పక్క గదిలో ఇద్దరు పిల్లలు, మంచం మీద అత్తగారు. సాయంత్రం లాప్‌టాప్ మూసిన చప్పుడే ఆమెకు గ్లాసు తీసే గంట అయింది. "ఈ చప్పుడు తర్వాత ఒక్క గంట ఎవరూ నన్ను పిలవరనుకునేదాన్ని" అని చెప్పారు. నిజానికి అందరూ పిలిచేవారు, ఆమెకు అంతగా వినిపించేది కాదు. స్కూలు తెరిచి ఏడాదైనా, లాప్‌టాప్ మూస్తే చాలు, నోరు ఎండిపోయేది.

ఆమె ఒక్కరే కాదు. అమెరికాలో 2019 వసంతంలో ప్రశ్నించిన పెద్దలనే 2020 వసంతం చివర మళ్లీ ప్రశ్నిస్తే, ఒకే కూర్చోవడంలో ఎక్కువ మోతాదు తాగిన రోజులు మహిళల్లో 41 శాతం పెరిగినట్టు తేలింది. ఇంటి పని, పిల్లల చదువు, రోగుల సేవ అన్నీ ఒకే మనిషి మీద పడ్డాయని గుర్తుంచుకుంటే ఆ అంకె అర్థమవుతుంది. చికిత్సకు రావడానికి మాత్రం చాలామంది మహిళలు వెనకాడతారు. నలుగురూ ఏమంటారోనన్న భయం వాళ్లకు రెండింతలు. శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి అదే మోతాదుకు వాళ్ల రక్తంలో మద్యం ఎక్కువ గాఢతకు చేరుతుంది, కాలేయం తొందరగా దెబ్బతింటుంది. ఈ సమాధానం చదువుతున్న ఏ మహిళైనా సిగ్గుపడి ఆగిపోతుంటే దయచేసి ఆగకండి. మా గదిలో ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపరు.

ఇక "ఎందుకు" అన్నది. సరదా కోసం తాగేవారికీ, నిద్ర కోసమో భయం పోవడానికో తాగేవారికీ తేడా ఉంది. మొదటివారికి సందర్భం పోతే తాగుడు తగ్గుతుంది. రెండోవారికి సందర్భంతో పనే లేదు, సందర్భం వాళ్ల లోపలే ఉంటుంది. మీరు "తాగకపోతే నిద్ర పట్టదు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే.

మద్యం మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్ పనిని అణిచిపెడుతుంది. అందుకే తొందరగా కునుకు పడుతుంది. కానీ నాలుగైదు గంటల్లో రక్తంలో మద్యం తగ్గేకొద్దీ అణిచిపెట్టిన ఉత్తేజం పైకి లేస్తుంది. తెల్లవారుజామున రెండింటికో మూడింటికో గుండె దడతో మెలకువ వస్తుంది. కలలు వచ్చే నిద్ర తొలి సగంలో తగ్గి, మలి సగంలో ముక్కలు ముక్కలుగా వస్తుంది. మర్నాడంతా కారణం లేని ఆందోళన. దాన్ని తగ్గించుకోవడానికి సాయంత్రం మళ్లీ గ్లాసు. మందే జబ్బు తెస్తుంది, మందే దాన్ని నయం చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఈ చక్రం మొదలవడానికి మహమ్మారి కావాలేమో కానీ, తిరుగుతూ ఉండటానికి అవసరం లేదు. అందుకే అది పోయినా ఇది పోలేదు.

ఐసీయూలో పనిచేసే ఒక నర్సు రాత్రి డ్యూటీ ముగించుకుని ఉదయం ఎనిమిదింటికి తాగేవారు. పిల్లలకు సోకుతుందన్న భయంతో వేరే గదిలో ఒంటరిగా పడుకునేవారు. "కళ్లు మూసుకుంటే మానిటర్ల చప్పుడు వినిపించేది. రెండు గ్లాసుల తర్వాత అది ఆగేది" అన్నారు. ఆమె వచ్చింది 2022 చివర్లో. అప్పటికి వార్డులో కొవిడ్ రోగులు దాదాపు లేరు, చప్పుడు మాత్రం ఉంది. ఆమెకు మద్యం మానిపించడంకంటే ముందు ఆ చప్పుడుకు చికిత్స చేయవలసి వచ్చింది. ఇది కొత్త సంగతి కాదు. 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చినప్పుడు క్వారంటైన్‌లో ఉన్న, ప్రమాదకరమైన వార్డుల్లో పనిచేసిన బీజింగ్ ఆసుపత్రి సిబ్బందిలో మూడేళ్ల తర్వాత కూడా మద్యం సమస్యల లక్షణాలు మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి. అంటువ్యాధి ఒంట్లోంచి పోయిన తర్వాత మనసులోంచి పోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇక "ఎవరితో" అన్నది. అది మారడంతో రెండో దారిలో, అంటే తాగుడు వదిలే దారిలో నడిచినవారూ ఉన్నారు. వారానికి మూడు రాత్రులు స్నేహితులతో గడిపే ఒక యువకుడు ఆ సహవాసం ఆగిపోగానే తాగడం పూర్తిగా మానేశాడు. ఏ ఇబ్బందీ లేదు, ఉదయం పరుగెత్తడం కూడా మొదలుపెట్టాడు. 2021 చివర్లో స్నేహితులు తిరిగి కలిశారు, రెండు నెలల్లో పాత లెక్కకే వచ్చాడు. అతని అలవాటు సీసాలో కాదు, ఆ కుర్చీల చుట్టూ ఉందని మాకిద్దరికీ అప్పుడే అర్థమైంది. మీ అలవాటు దీనికి తలకిందులు. అది మీ ఇంటి సోఫాలో ఉంది.

ఎంతోకాలంగా తాగుడు మాని నిలబడినవారి సంగతి మరొకటి. వాళ్లను నిలబెట్టేది వారం వారం ఒక గదిలో కుర్చీలు వేసుకుని కలిసే మనుషులు. ఆ గదులకు తాళాలు పడ్డాయి. ఇలా కలిసే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలు కొన్ని వారాల్లోనే ఫోనుల్లోకి, కంప్యూటర్ తెరల మీదికి మారాయి. చాలామందిని అవే కాపాడాయి. మారుమూల ఉన్నవారికి, ఇల్లు కదలలేని తల్లులకు ఆ తెర ఒక వరమే అయింది. కొందరికి మాత్రం తెర మీద ముఖం సరిపోలేదు. పదకొండేళ్లు మాని నిలిచిన ఒక పెద్దాయన మూడో నెలలో జారిపోయారు. మళ్లీ లేచారు, ఇప్పుడు బాగున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి దాటవేయకండి. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపడం ప్రాణాంతకం కావచ్చు. 2020 మార్చి 27 నుంచి దక్షిణాఫ్రికా మద్యం అమ్మకాలను నిషేధించింది. భారతదేశంలో మార్చి 25 నుంచి దాదాపు 40 రోజులు మద్యం దుకాణాలు మూతపడ్డాయి. దక్షిణాఫ్రికాలో కొట్లాటలు, ప్రమాదాల గాయాలతో ఆసుపత్రికి వచ్చేవారు బాగా తగ్గారు, అది నిజమైన మేలు. కానీ మద్యానికి శరీరం బానిసైనవారికి సిద్ధం కావడానికి తగినంత వ్యవధి దొరకలేదు.

ఆపిన 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు, దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ అనే తీవ్రమైన మతిభ్రమ వస్తుంది. ఆ వారాల్లో ఒక ఇల్లాలు నాకు రాత్రి ఫోను చేశారు. భర్త దుప్పటి మీద లేని దారాలను ఒక్కొక్కటిగా ఏరుతున్నాడు, గోడ మీద చీమలు బారులు తీరాయంటున్నాడు, ఒళ్లు కాలిపోతోంది. జ్వరం చూసి కొవిడ్ అనుకుని, రెండు రోజులుగా గదిలో విడిగా ఉంచారు. ఆయన తాగడం ఆగి అది మూడో రాత్రి. ఆసుపత్రిలో మెదడు అలజడిని తగ్గించే లోరాజెపామ్, బి1 విటమిన్ అయిన థయామిన్ ఇంజెక్షన్లు ఇచ్చాక ఐదో రోజుకు భార్యను గుర్తుపట్టారు. ఇంకొక రాత్రి ఆగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

దొరకని చోట మనుషులు దొరికినది తాగుతారు. మద్యం తాగితే వైరస్ చస్తుందన్న పుకారు ఇరాన్‌లో వ్యాపించి, మిథనాల్ అనే విష రసాయనం కలిసిన కల్తీ సారా తాగి వందల మంది చనిపోయారు, ఎందరో చూపు కోల్పోయారు. మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లా కడుపులోకి పోయే మద్యం వైరస్‌ను చంపదు. ఎక్కువగా తాగేవారికి న్యుమోనియా ముప్పు పెరుగుతుందే కానీ తగ్గదు.

మీరు ఏమి చేయాలో చెబుతాను. మొదట మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. ఉదయం లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఒక రోజు మానితే చెమటలు, దడ వస్తున్నాయా? ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా? వీటిలో దేనికైనా అవును అయితే సొంతంగా ఆపకండి, ఈ వారంలోనే వైద్యుణ్ని కలవండి. ఐదు నుంచి ఏడు రోజులు మందులతో జాగ్రత్తగా దింపితే చాలావరకు ప్రమాదం లేకుండా గడుస్తుంది.

అన్నిటికీ కాదు అయితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం నింపండి. మొత్తం 40 మార్కులు. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే తాగుడు హాని చేసే స్థాయిలో ఉందని, 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఒళ్లు దానికి బానిసై ఉండవచ్చని అర్థం. గత నెల గురించి కాదు, గత ఏడాది గురించి జవాబు ఇవ్వండి. కొలత గ్లాసుతో కొలిచాకే ఇవ్వండి.

తర్వాత రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాయండి. ఎంత తాగారన్నదే కాదు, తాగడానికి పది నిమిషాల ముందు ఏమి జరిగిందో రాయండి. ఎవరు ఫోను చేశారు, ఏ కుర్చీలో ఉన్నారు, ఆకలి వేస్తోందా? ఆకలిని చాలామంది తాగాలన్న కోరికగా పొరబడతారు. ఎనిమిదింటికి తాగేవారికి ఏడున్నరకే భోజనం పెట్టించి చూశాను, సగం మందికి కోరిక బాగా తగ్గింది. ఇంట్లో నిల్వ పెట్టకండి. ఎప్పటికప్పుడు బయటికి వెళ్లి తేవలసి వస్తే, పోయిన కంచెల్లో ఒకటైనా తిరిగి వస్తుంది.

నిద్ర విషయంలో ఓపిక పట్టాలి. తగ్గించిన మొదటి పది పదిహేను రాత్రులు నిద్ర ఇంకా పాడవుతుంది. "చూశారా, తాగకపోతే నాకు నిద్ర పట్టదు" అని చాలామంది అక్కడే ఓడిపోతారు. అది మీ సహజ నిద్ర కాదు, మద్యం పోతూ పోతూ చేసే అలజడి. మూడు నాలుగు వారాలకు చాలామందిలో కుదుటపడుతుంది. ఆ తర్వాత కూడా పట్టకపోతే దాని వెనుక ఆందోళనో, కుంగుబాటో, మహమ్మారిలో పోగొట్టుకున్న మనిషి గురించిన దుఃఖమో ఉండవచ్చు. వాటికి చికిత్స ఉంది. కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి వైద్యులే ఇవ్వాలి. మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మందును తాగేవారికి తెలియకుండా భోజనంలో కలపమని కొందరు బంధువులు నన్ను అడుగుతారు. ఎన్నటికీ చేయకండి. ఆ మందు మీద మద్యం పడితే రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు, మీ మీద నమ్మకం ఎలాగూ పోతుంది.

ఇంట్లో మీతో ఉన్నవారికి ఈ సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోయి ఉంటే, కాపలా కాయమని కాకుండా, ఎనిమిదింటికి మీతో పాటు బయట అరగంట నడవమని అడగండి. లాప్‌టాప్ మూశాక ఆ ఉపాధ్యాయురాలు చేసింది అదే. చెప్పులు తలుపు దగ్గర ముందే పెట్టుకునేవారు. మొదటి వారం రెండు రోజులు నడిచారు, మిగతా ఐదు రోజులు తాగారు. ఆరో వారానికి ఆ లెక్క తిరగబడింది. ఆడిట్‌లో మీకెన్ని మార్కులు వచ్చాయో, ఉదయం చేతుల సంగతేమిటో రాయండి. చూసి తర్వాతి అడుగు చెబుతాను.